"రేపు ఇస్తానండి" అనడం మానేయండి: టైలరింగ్ షాపుకి కస్టమర్లు నిలవాలంటే

మా షాపు రాజమండ్రిలో. జాకెట్లు కుడతాం, మగ్గం వర్క్ చేస్తాం, ఫాల్, పీకో ఎలాగూ ఉంటాయి. మిషన్ల మీద ఇద్దరు టైలర్లు, మగ్గం దగ్గర ఇద్దరు కారిగర్లు, హుక్స్‌కీ హెమ్మింగ్‌కీ ఒక అమ్మాయి, కటింగ్ నేను. టైలరింగ్ షాపో, బోటిక్కో, ఇంట్లోనే మిషన్ పెట్టుకుని కుట్టేవాళ్ళో, అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. కేటరింగ్, కేకులు, ఫొటోగ్రఫీ చేసేవాళ్ళకి కూడా ఇందులో సగం వర్తిస్తుంది, ఎందుకంటే మనందరం అమ్మేది వస్తువు ఒక్కటే కాదు, ఒక తేదీ కూడా.

షాపు పెట్టిన రెండో శ్రావణంలో జరిగింది చెప్తాను. ఒకావిడ కూతురికి ఆ ఏడే పెళ్ళయింది, మొదటి శ్రావణ మంగళవారం నోము. పసుపు రంగు పట్టుచీర, ఎర్ర జాకెట్ ముక్క, చేతులకి మాత్రం సన్నగా వర్క్. ఆదివారం ఇస్తానన్నాను. ఆదివారం వస్తే "రేపు పొద్దున్న" అన్నాను, సోమవారం పొద్దున్న వస్తే "సాయంత్రం" అన్నాను, సాయంత్రం ఫోన్ చేస్తే మిషన్ పాడైందని అబద్ధం చెప్పాను. అసలు ఆ గుడ్డకి నేను కత్తెరే పెట్టలేదు, ఎందుకంటే ఆ రెండు రోజులకీ అప్పటికే నా స్తోమతకి రెట్టింపు జాకెట్లు ఒప్పుకుని ఉన్నాను. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఫోన్ మోగుతూనే ఉంది, నేను ఎత్తలేదు. ఆ పిల్ల పాత జాకెట్ వేసుకుని నోముకి కూర్చుంది.

తర్వాత వారం ఆవిడ గుడ్డ వెనక్కి తీసుకోవడానికి వచ్చి అరవలేదు, తిట్టలేదు. "కుదరదని ఆదివారమే చెప్పుంటే వేరే చోట కుట్టించుకునేదాన్ని కదమ్మా" అంది అంతే. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆవిడ ఉండే అపార్ట్‌మెంట్ నుంచి వచ్చేవాళ్ళు కూడా ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఆ నెలలోనే నేను డబ్బులిచ్చి ఫేస్‌బుక్‌లో యాడ్ వేయించాను, కొత్తవాళ్ళు రావడం లేదని.

కస్టమర్లు రాకపోవడానికి యాడ్ చాలకపోవడం కారణం కాదని, నా నోరు కారణమని అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

ముందు మనలో మారాల్సింది

"కాదు" అనలేకపోవడాన్ని మనం మంచితనం అనుకుంటాం. పాపం దూరం నుంచి వచ్చింది, పాత కస్టమరు, చెల్లెలి లాంటిది అని ఒప్పేసుకుంటాం. కూర్చుని నిజాయితీగా ఆలోచిస్తే అది భయం. ఈవిడకి లేదంటే పక్క షాపుకి వెళ్ళిపోతుంది, ఇంక రాదు అనే భయం. నిజానికి "ఈ వారం ఖాళీ లేదండి, వచ్చే బుధవారం అయితే ఖాయంగా ఇస్తాను" అన్నప్పుడు వెళ్ళిపోయినవాళ్ళు తర్వాత తిరిగి వచ్చారు. "రేపు, రేపు" అని తిప్పించుకున్నవాళ్ళు మాత్రం వెళ్ళాక తిరిగి రాలేదు.

దీన్ని మార్చుకోవడానికి నేను చేసింది చాలా చిన్న పని. గుడ్డ తీసుకునేటప్పుడు వెంటనే తేదీ చెప్పడం మానేశాను. "ఒక్క నిమిషం అండి, పుస్తకం చూసి చెప్తాను" అంటాను. ఆ ఒక్క నిమిషంలో భయం దిగిపోతుంది, లెక్క ముందుకొస్తుంది. మొదట్లో నోరు తిరగదు, ఎదురుగా తెలిసినావిడ నిలబడి ఉంటే మరీ కష్టం. మాట జారకుండా ఉండాలని నెల రోజులు ఆ వాక్యాన్ని కటింగ్ టేబుల్ మీద చాక్‌పీసుతో రాసుకున్నాను.

రోజుకో పేజీ, పేజీకి ఏడు గీతలు

ఈ గైడులో మిగతాదంతా వదిలేసినా ఇదొక్కటి చేయండి. ఒక డైరీ కొనండి, తేదీలు వేసి ఉన్నది. మీ షాపులో రోజుకి నిజంగా ఎన్ని జాకెట్లు పూర్తవుతాయో లెక్క కట్టండి. పూర్తవడం అంటే కుట్టడం కాదు, హుక్స్ పడి, హెమ్మింగ్ అయి, ఇస్త్రీ చేసి కవర్లో పెట్టడం. మా ఇద్దరు టైలర్లూ లైనింగ్ జాకెట్లు రోజుకి తలో నాలుగు కుడతారు, లెక్కకి ఎనిమిది. కానీ ఆల్టరేషన్లు వస్తాయి, కరెంటు పోతుంది, ఒక టైలరు పిల్లాడికి జ్వరం వస్తుంది, కాబట్టి నేను ఏడు అనుకుంటాను. డైరీలో ప్రతి పేజీకీ ఏడు గీతలు గీసి ఉంచుతాను. జాకెట్ ఒప్పుకున్నప్పుడు ఆ తేదీ పేజీలో ఒక గీత మీద పేరు, బిల్లు నంబరు. ఏడో గీత మాత్రం ఖాళీగా వదులుతాను, అది అత్యవసరాలకి. ఆరు నిండాయా, ఆ రోజు అయిపోయినట్టే, ఎవరొచ్చినా తర్వాత పేజీయే.

కస్టమరు ఎదురుగా డైరీ తెరవడం వల్ల ఒక లాభం ఉంది. నిండిన పేజీ ఆవిడ కళ్ళతో చూస్తుంది. బతిమాలడం తగ్గుతుంది, పైగా ఇక్కడ పని ఎక్కువగా ఉంది, బాగా కుడతారు కాబోలు అనే నమ్మకం కలుగుతుంది. నేను చేసిన ఏ ప్రచారమూ దీనంత పని చేయలేదు.

వర్క్ జాకెట్లకి వేరే డైరీ పెట్టండి. అది మగ్గం రోజుల మీద లెక్క, జాకెట్ల మీద కాదు. నెక్‌కీ రెండు చేతులకీ నిండుగా వర్క్ ఉంటే మాకు మూడు మనిషి రోజులు పడుతుంది, అంటే ఇద్దరు కూర్చుంటే ఒకటిన్నర రోజు. డిజైన్ మార్చమంటే రోజు పెరుగుతుంది, ఆ ముక్క ఒప్పుకునేటప్పుడే చెప్పాలి.

ఆలస్యం అవుతుందని మనకి ముందే తెలుసు

ఎంత లెక్క వేసుకున్నా అప్పుడప్పుడూ తప్పుతుంది. కానీ తప్పబోతోందని మనకి రెండు రోజుల ముందే తెలుస్తుంది, మనం ఒప్పుకోం అంతే. ప్రతి రోజూ షాపు కట్టేసే ముందు వచ్చే రెండు పేజీలు చూస్తాను. అనుమానం ఉన్న గీతకి ఎర్ర పెన్నుతో చుక్క పెట్టి, ఆ రాత్రే మెసేజ్ పెడతాను. ఇలా:

"నమస్తే అండి. మీ ఆకుపచ్చ జాకెట్ గురువారం ఇస్తానన్నాను, కారిగర్‌కి ఒంట్లో బాగోలేక శుక్రవారం సాయంత్రం అయ్యేలా ఉంది. మీకు శుక్రవారం పొద్దున్నే అవసరం అయితే చెప్పండి, మీ జాకెట్ ముందు పెట్టిస్తాను. మీకు ఇబ్బంది కలిగింది, క్షమించండి."

జాకెట్ రంగు రాయండి, ఆవిడ వస్తువు మీకు గుర్తుందని తెలుస్తుంది. కొత్త తేదీతో పాటు వేళ కూడా చెప్పండి. "కొంచెం లేటవుతుంది" అని వదిలేస్తే టెన్షన్ ఆవిడకి, రోజుకి నాలుగు ఫోన్లు మనకి. కారణం అబద్ధం అయితే రాయకండి, పని ఎక్కువ ఒప్పేసుకున్నామన్నది నిజమైతే అదే రాయండి. ఇలాంటి మెసేజ్‌కి వచ్చే జవాబుల్లో ఎక్కువ "పర్లేదండి, ఆదివారానికి చాలు" అనే వస్తాయి. చాలామంది అవసరం కన్నా రెండు రోజులు ముందు తేదీయే మనకి చెప్తారు, మన మీద నమ్మకం లేక.

పాడైపోయినప్పుడూ ఇదే పద్ధతి. ఒకసారి నేను చేతి బార్డరు తలకిందులుగా కత్తిరించేశాను, పట్టు ముక్క, వేరే గుడ్డ మిగల్లేదు. కుట్టి ఇచ్చేస్తే ఇంటికెళ్ళాక చూసుకునేది. కుట్టకముందే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, అలాంటి బార్డరు కోసం తాడితోట హోల్‌సేల్ మార్కెట్‌లో తిరిగి, దగ్గరగా ఉన్నది నా డబ్బుతో కొని, ఆవిడకి చూపించి ఒప్పించాకే కత్తెర పట్టాను. ఆవిడ ఇప్పటికీ మా కస్టమరే.

ధర గొంతు తగ్గించకుండా చెప్పడం

ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గిపోతుందంటే మన లెక్క మనకే తెలియదని అర్థం. నేను చాలాకాలం నిండు వర్క్ జాకెట్‌కి 3,500 తీసుకున్నాను, పక్కవాళ్ళు అంతే తీసుకుంటున్నారని. ఒకరోజు కాగితం మీద వేశాను. కారిగర్ కూలి రోజుకి 900, మూడు రోజులకి 2,700. జరీ, కుందన్లు, కట్‌దానా కలిపి 450. లైనింగ్ 100. టైలరు కూలి 250. ఇక్కడికే 3,500 అయింది. అద్దె, కరెంటు, హెల్పరు జీతం కలిపి అప్పట్లో నెలకి 18,000, నెలకి దాదాపు 180 జాకెట్లు, అంటే జాకెట్‌కి ఇంకో 100. కటింగ్‌కీ, డిజైన్ గీయడానికీ నా కూలి సున్నా. అంటే ప్రతి వర్క్ జాకెట్‌కీ నేను వంద రూపాయలు ఎదురిచ్చి చాకిరీ చేస్తున్నాను.

మీ అంకెలు వేరేగా ఉంటాయి, కానీ కాగితం మీద వేయండి, మీ కూలి కూడా కలిపి వేయండి. నేను 4,300 చేశాను. కొందరు మానేశారు, అబద్ధం చెప్పను, ఆ నెల భయమేసింది. ఉన్నవాళ్ళకి తేదీ తప్పకుండా ఇవ్వగలిగాను, ఎందుకంటే పని తగ్గింది, డబ్బు తగ్గలేదు.

అడ్వాన్సు సగం తీసుకోండి. సిగ్గుపడకండి, జరీ కొనేది ఆ డబ్బుతోనే. బేరం ఆడితే ధర తగ్గించే బదులు పని తగ్గించి చూపించండి: "మీ బడ్జెట్ 3,000 అయితే చేతులకి చేద్దాం, నెక్‌కి పైపింగ్ పెడదాం, బాగుంటుంది." ఇలా అంటే ఇద్దరి మర్యాదా నిలుస్తుంది.

షాపు డబ్బు, ఇంటి డబ్బు ఒకే ఖాతాలో ఉంటే ఈ లెక్కలేవీ తేలవు. స్కానర్ వేరే ఖాతాకి పెట్టించుకోండి, ప్రతి నెలా ఒకే తేదీన మీకు మీరు జీతం వేసుకోండి. చిన్న మొత్తమైనా సరే. ఇంట్లో గ్యాసుకి గల్లాపెట్టె తెరవకుండా ఉండటం నాకు అన్నిటికన్నా కష్టమైన అలవాటు.

బిల్లు పుస్తకం, కొలతల కార్డు

ఆది జాకెట్, అంటే కొలతకి ఇచ్చే పాత జాకెట్, ఇచ్చారు కదా అని పక్కన పడేసుకోకండి. "ఇది ఎప్పుడు కుట్టించింది, ఇప్పుడు బిగుతుగా ఉందా, చంక దగ్గర పట్టేస్తోందా" అని అడగండి. చెప్పినవన్నీ బిల్లు మీద రాయండి: చేతి పొడవు, వెనక నెక్ లోతు, హుక్స్ ముందా వెనకా, తాళ్ళు కావాలా వద్దా. వెనక నెక్ చిన్న బొమ్మ గీసి చూపించి, ఫొటో తీసి ఆవిడకే వాట్సాప్ చేయండి. గొడవల్లో సగం అక్కడే ఆగిపోతాయి. కొలతలు ఒక కార్డు మీదకి ఎక్కించి పేర్ల వరసలో పెట్టండి. రెండోసారి వచ్చినప్పుడు "ఆది అక్కర్లేదండి, మీ కార్డు ఉంది, పోయినసారి భుజం అర అంగుళం తగ్గించాం" అంటే ఆ మనిషి వేరే షాపు వెతుక్కోదు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కూతుళ్ళ కార్డులు కూడా మా దగ్గర ఉన్నాయి, తల్లులు చీర తెచ్చి ఇచ్చి వెళ్తారు, కుట్టించి పంపిస్తారు.

ఇక ఫోన్‌లో చేయాల్సినవి

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, అది పెట్టుకోండి. అందులో కేటలాగ్ ఉంటుంది, కస్టమర్లకి లేబుళ్ళు పెట్టుకోవచ్చు. నేను "డెలివరీ ఇవ్వాలి", "బాకీ", "పెళ్ళి ఆర్డరు" అని మూడు పెట్టుకున్నాను. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా చేర్చవచ్చు, కానీ మన నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. చాలామందికి ఈ సంగతి తెలియక, పంపాం కదా ఎవరూ పలకలేదేంటి అనుకుంటారు. అందుకే డెలివరీ ఇచ్చేటప్పుడే "నంబరు సేవ్ చేసుకోండి అండి, మీ జాకెట్ రెడీ అవగానే మెసేజ్ వస్తుంది" అని చెప్పి దగ్గరుండి సేవ్ చేయించండి. వారానికి ఒకటికి మించి పంపకండి, గుడ్ మార్నింగ్‌లు అసలే వద్దు.

ఫొటోలు ట్యూబ్‌లైటు కింద తీయకండి, జరీ రంగు మారిపోతుంది. పొద్దున్న తొమ్మిది, పది మధ్య గుమ్మం దగ్గర నీడలో పెట్టి తీయండి. వెనక నెక్ ఒకటి, చేయి దగ్గరగా ఒకటి, లోపలి కుట్టు ఒకటి. ఆ మూడోది ఎవరూ పెట్టరు. కుట్టించుకునేవాళ్ళకి మాత్రం దాన్ని చూస్తేనే పని తెలుస్తుంది. పింటరెస్ట్‌లోంచి దించిన ఫొటో మీ పని అన్నట్టు పెట్టకండి, అదే కావాలని వచ్చినావిడ చేతిలో మన జాకెట్ పెట్టిన రోజున పరువు పోతుంది. కస్టమరు మొహం కనిపించే ఫొటో అడగకుండా పెట్టకూడదు. "ధర కోసం మెసేజ్ చేయండి" అనే బదులు ఫొటో కిందే ధర రాయండి, అనవసరమైన మెసేజ్‌లు తగ్గుతాయి.

గూగుల్‌లో షాపు పేరు నమోదు చేసుకోవడం కూడా ఉచితమే. వేళలు సరిగ్గా పెట్టండి, ఆదివారం సెలవైతే సెలవని పెట్టండి. రివ్యూ ఎప్పుడు అడగాలంటే, జాకెట్ వేసుకుని అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంటుందే, అప్పుడు. "మీకు అనిపించింది గూగుల్‌లో రెండు ముక్కలు రాయండి, ఏదైనా నచ్చకపోతే నాకూ చెప్పండి, సరిచేస్తాను." రివ్యూకి డిస్కౌంట్ ఇస్తామని మాత్రం అనకండి, అది గూగుల్ నిబంధనలకి విరుద్ధం. చెడ్డ రివ్యూ వస్తే ఆ రాత్రి జవాబు రాయకండి. తెల్లారాక, జరిగింది ఒప్పుకుని, షాపుకి రమ్మని మర్యాదగా రాయండి. కొత్తవాళ్ళు చూసేది ఆ రివ్యూ కన్నా మన జవాబే.

పంచాంగం చూసి ప్రచారం

మన వ్యాపారానికి ఇంగ్లిష్ క్యాలెండరు చాలదు. 2025లో శ్రావణం జులై 25న మొదలైంది, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, దాంతో శ్రావణం ఆగస్టు 13కి జరిగింది. పోయిన ఏడాది తేదీలు చూసి గుడ్డలు, జరీ కొనిపెట్టుకుంటే దెబ్బతింటాం. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముహూర్తాలు, మౌఢ్యాలు, అధిక మాసం డైరీలో గుర్తు పెట్టుకోండి.

అందరూ శ్రావణంలో యాడ్స్ వేస్తారు. అప్పటికి మన పేజీలన్నీ నిండి ఉంటాయి, వచ్చినవాళ్ళని వెనక్కి పంపడానికి డబ్బు ఖర్చుపెట్టడం ఎందుకు? ఆషాఢంలో వేయండి. చీరల షాపులు డిస్కౌంట్లు పెట్టేది అప్పుడే, శ్రావణానికి కట్టుకునే చీరలు జనం కొనేసేది అప్పుడే, మన టైలర్లు ఖాళీగా కూర్చునేదీ అప్పుడే. ఆషాఢం మొదటి రోజే మా కస్టమర్లకి ఒక మెసేజ్ వెళ్తుంది: శ్రావణం జాకెట్లు ఈ నెలలో ఇస్తే ఫాల్, పీకో ఉచితం, కావలసిన తేదీ మీరే ఎంచుకోండి. రెండో మాటకే ఎక్కువమంది వస్తారు.

ప్రభుత్వం నుంచి వచ్చేవి కూడా చూసుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల నమోదు, ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకి 500, పనిముట్లకి 15,000 దాకా, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల దాకా లోను. కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు, ప్రభుత్వ ఉద్యోగి ఉన్న ఇంటికి రాదు. లోను వస్తుంది కదా అని మిషన్లు కొనేయకండి, డైరీలో ఆరు గీతలూ రెండు మూడు నెలల పాటు రోజూ నిండుతున్నాయంటేనే ఇంకో మిషన్ అవసరం.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఇవాళ షాపు కట్టేశాక పోయిన రెండు వారాల బిల్లులు ముందేసుకోండి. ఏ రోజు ఎన్ని జాకెట్లు నిజంగా కస్టమరు చేతికి వెళ్ళాయో పక్కన రాయండి. వాటిలో అన్నిటికన్నా తక్కువ అంకె తీసుకోండి, ఎక్కువది కాదు, సగటు కూడా కాదు. రేపటి పేజీలో అన్ని గీతలే గీయండి.